మౌనాన్ని టైపు చేయడం

కాస్త్రో ఊళ్ళో శనివారాలు నా పని ఇది:
ఫిజిక్సు టీచర్ల పాఠాలు హెడ్‌ఫోన్స్‌లో విని
ఉన్నది ఉన్నట్టు టైపు చేయడం.
దగ్గితే దగ్గు అని రాయాలి.
కుర్చీ కిర్రుమంటే కిర్రు.
ఎవరూ మాట్లాడకపోతే
ఎంతసేపు మాట్లాడలేదో స్టాప్‌వాచ్‌తో కొలిచి
కుండలీకరణాల్లో పెట్టాలి.

నాకు ఫిజిక్సు రాదు.
మా ఇంట్లో అందరూ పడవలు చెక్కినవాళ్ళే,
బరువు గురించి మాకు తెలిసిందంతా
చేతులకే తెలుసు.

పదకొండో రికార్డింగ్ ఎలిసేయో బర్రీయా గారిది.
ఇరవై ఆరేళ్ళ సర్వీసు, కంచు గొంతు.
"పైకి విసిరిన బంతి, ఇంకా పైకి పోలేని ఆ క్షణంలో,
దాని మీద ఏ బలం పనిచేస్తోంది?"
(మౌనం: ముప్పాతిక సెకను)
"గురుత్వాకర్షణ! రాసుకోండి."
మళ్ళీ ప్రశ్న. (అర సెకను.) మళ్ళీ జవాబూ ఆయనదే.
నలభై నిమిషాల్లో ముప్పై ఒక్క ప్రశ్నలు.
నువ్వుగింజ నానేంత సేపైనా
ఒక్క ప్రశ్న ఆ గదిలో నానలేదు.

సాయంత్రం కట్టెల పొయ్యి చుట్టూ తొమ్మిదిమంది టీచర్లు.
పొయ్యి మీద ఆరుతున్న సాక్సులు, చేతులు మారుతున్న మాతే బుర్ర.
నేలిదా ఒయార్సూన్ నా కాగితాలు పంచింది.
పేర్లు కొట్టేసే ఉంది,
"రాసుకోండి" దగ్గర అందరూ ఆయన్ని గుర్తుపట్టారు.
ఎలిసేయో నవ్వలేదు.
"నేను ఆగితే సిలబసు మీ మేనత్త పూర్తి చేస్తుందా?"
కెమ్చి నుంచి బస్సులో వచ్చిన కుర్రాడు:
"ఆగితే వాళ్ళు ఫోన్లు తీస్తారు."
రిటైరవబోతున్న ఓ పెద్దావిడ, కప్పులోకి చూస్తూ:
"ఆగితే మనకే రాదనుకుంటారని భయం."
దానికెవరూ ఏమీ అనలేదు.
అలవాటుకొద్దీ కొలిచాను. ఆరు సెకన్లు.

జులైలో ఇంకో రికార్డింగ్.
అదే గొంతు, అదే బంతి, అదే పైకొస.
"ఏ బలం పనిచేస్తోంది?"
ఒకటి. రెండు.
గొంతు సవరించుకున్నాడు, నోటిదాకా వచ్చింది మింగాడు.
వేళ్ళ మధ్య సుద్దముక్క తిరుగుతున్న చప్పుడు.
రేకుల మీద వాన.
ఏడు. రికార్డింగ్ తెగిందనుకుని మెషీన్ మీదకి వంగాను.
తొమ్మిదో సెకనులో, వెనక బెంచీ నుంచి,
ఇంతవరకూ ఏ రికార్డింగ్‌లోనూ నేను వినని గొంతు
(స్పెల్లింగ్ కోసం హాజరు పట్టీ చూడాల్సొచ్చింది: యస్నా చిగ్వాయ్):
"అక్కడ ఏ బలమూ ఉండదు, ప్రొఫె. బంతి అలిసిపోతుంది."

అయిపోయింది, ఇప్పుడు గురుత్వాకర్షణ అంటాడు అనుకున్నాను.
(మౌనం: నాలుగు సెకన్లు)
కిటికీ వైపు నుంచి ఎవరో:
"ఏమీ లేకపోతే అక్కడే ఉండిపోవాలి కదా?"
(మౌనం: అయిదు)
"ఉండిపోదు," అంది యస్నా, తనలో తను.
"అయితే... ఆగినప్పుడు కూడా
లాగుతూనే ఉందన్నమాట."

సుద్దముక్క కింద పడింది.
"సుద్దముక్క పడింది" అని రాశాను.
"రాసుకోండి" అని ఎవరూ అనలేదు.

ఒక్క తరగతితో ఏదీ తేలదంది నేలిదా,
ఇంకా నలభై కావాలట.
పరీక్షల నెలలో ఎలిసేయో మళ్ళీ పరుగందుకున్నాడు,
సగటు ఒకటింబావు సెకను దాటలేదు.
"ముప్పాతిక కన్నా నయమేగా," అన్నాడు, చెవులు ఎర్రబడుతుండగా.

నా దగ్గర మిగిలింది ఒకటే చిక్కు.
ప్రతి వాక్యం పక్కనా ఓ గడి ఉంటుంది:
మాట్లాడింది ఎవరు?
మౌనాల పక్కన ఇన్నాళ్ళూ "ఎవరూ కాదు" అని కొట్టేదాన్ని.
ఆ తొమ్మిది సెకన్ల పక్కన
చాలాసేపు వేలు ఆపి
"అందరూ" అని కొట్టాను.

నేలిదా పెన్సిల్‌తో దాని పక్కన
చిన్న ప్రశ్నార్థకం పెట్టింది.
చెరపలేదు.